ముందు చేర్చిన ఒకటి

ఎవరు తీసేశారో తెలియకపోవడంలో కూడా ఒక సుఖం ఉంది, అనుకుంటున్నాడు మొగిలి. గని మీది ఆఫీసులో కిటికీల్లేని కంప్యూటర్ గది అతనిది. తండ్రి ఊపిరితిత్తులు చెడి అన్‌ఫిట్ అయితే ఆయన బదులు వచ్చిన ఉద్యోగం. పదకొండేళ్లుగా ఒకటో తారీఖున యునిక్స్ సిస్టం మీద ఆ నెల రిపోర్టులకు డైరెక్టరీ తెరుస్తున్నాడు. 777 అనుమతులతో. అంటే అందులో అందరూ రాయవచ్చు, ఎవరు రాసింది ఎవరైనా తీసేయవచ్చు.

పోయిన నెల, గని లోపల షిఫ్టు పని చూసే ఓవర్‌మాన్ సదయ్య పెట్టిన రెండు రిపోర్టులు అలాగే పోయాయి. మూడో లెవెల్లో పైకప్పు పగిలింది, మనుషులను దింపవద్దు అని రెండింటిలోనూ ఉంది.

సదయ్య మొదటి షిఫ్టు చేసి వచ్చాడు. కనురెప్పల అంచున బొగ్గుమసి కాటుకలా ఉంది.

"మందమర్రి గనికి ట్రాన్స్‌ఫర్ చేసిన్రు మొగిలీ. ఇయ్యాల్నే ఆఖరి డ్యూటీ."

"పేపరు మీద రాసియ్యరాదే కాక?"

"పేపరిస్తే తీసుకుంటలేరు, ఈ కంప్యూటర్ డబ్బాల పెట్టమంటున్రు. డబ్బాల పెడితె నీ ఎలుకలు తింటున్నయి. నా కాయితాలే రుచిగుంటయా ఏంది?" నవ్వాడు. వెంటనే నవ్వు ఆపేశాడు. "తనిఖీ ఆఫీసరు బేస్తవారం వస్తడు. ఆయన చూడకపోతె తెల్లారే ఇరవైమందిని దింపుతరు బిడ్డా."

777 ముందు ఒకటి అంకె చేర్చవచ్చని మొగిలికి ఎప్పుడో తెలుసు. అప్పుడూ అందరూ రాయవచ్చు. తీసేయడం మాత్రం రాసినవాడికీ, డైరెక్టరీ తెరిచినవాడికీ, హెడ్డాఫీసులోని సిస్టం అధికారికీ తప్ప ఇంకెవరికీ కుదరదు. రాసినవాడు వెళ్లిపోతున్నాడు. హెడ్డాఫీసుకు ఈ పగులు సంగతే తెలియదు. మిగిలేది తనే. 'ఎవరో తీశారు' అనే మాట వెనక ఇన్నాళ్లూ దాక్కున్నాడు. ఇక అడిగేవాళ్లు పేరుపెట్టి తననే అడుగుతారు.

ఇవాళ ఒకటో తారీఖే. కొత్త నెల డైరెక్టరీకి mkdir -m 1777 అని కొట్టాడు. చాలాసేపు చూసి, ఎంటర్ నొక్కాడు.

సదయ్య కూర్చుని, తన లాగిన్‌తో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రిపోర్టు ఎక్కించాడు. లేచి మొగిలి భుజం మీద చెయ్యి వేశాడు. బస్సుకు వెళ్లిపోయాడు.

నాలుగింటికి ఫోన్ మోగింది. అండర్‌మేనేజర్.

"ఏందయ్యా, సదయ్య ఫైలు ఇక్కడ్నించి పోతలేదు? జల్ది నువ్వు తీసెయ్."

మొగిలికి ఇన్నాళ్లూ అలవాటైన "సరే సార్" నాలుక దాకా వచ్చింది.

"తియ్యమని పేపరు మీద రాసియ్యుండ్రి సార్."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. మళ్లీ మోగడానికి వీల్లేకుండా, మొగిలి రిసీవర్‌ను బల్ల మీద పక్కకు పడుకోబెట్టాడు.