ఆలస్యం కాని ఫొటో

"మొటిమలు తుడిచినట్టు తుడిచెయ్యవే. ఎంతసేపు పని!"

ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఉన్నాను. చేతుల్లో పాప కక్కిన దుప్పటి. పొద్దున తాగిన పాలన్నీ కక్కేసింది. దాని ఒళ్ళు వెచ్చగా ఉందో, నా చేతులే చల్లగా ఉన్నాయో తేల్చుకోలేక మాటిమాటికీ నుదురు ముట్టుకుని చూస్తున్నాను. మా ఆయన దేశం కాని దేశంలో ఏదో నములుతూ మాట్లాడుతున్నాడు. ఆ నమిలే చప్పుడు అంత దూరం నుంచి వచ్చి తడితడిగా నా చెవిలో పడుతోంది.

"పాపకి వాంతులవుతున్నాయండీ."

"పిల్లలన్నాక కక్కుతారు. ముందు ఫొటోల సంగతి చూడు. సాయంత్రంలోగా పెద్దసారుకి వెళ్ళిపోవాలి."

పెద్దసారంటే కాలేజీలో ఆటల వ్యవహారాలన్నీ చూసే ఆయన. రగ్బీ జట్టు పై దేశం టూరుకు వెళ్తుంటే ఫొటోలు తీయడానికి మా ఆయన్ని వెంట పంపింది ఆయనే. టూరు ఫొటోల్లోంచి ఒకదాన్ని కాలేజీ గుమ్మానికి ఎదురుగా గోడంత చేసి పెడతారట. దాంతోపాటు ఇక్కడి మ్యాచులవీ టూరువీ కలిపిన ఆల్బమ్ కూడా నచ్చిందంటే మా ఆయన కాలేజీకి పర్మనెంటు ఫొటోగ్రాఫరు. గ్రౌండు పక్కన రెండు గదుల క్వార్టరు ఇస్తారు. ఆ క్వార్టరు నేను చూశాను. వంటగదికి కిటికీ ఉంది. పడకగది తలుపుకి లోపలి వైపు గడియ ఉంది. ఇక్కడ మా గదికి గడియ లేదు. అత్తయ్యకి ఎప్పుడు ఏ డబ్బా కావాలన్నా అది మా మంచం కిందే ఉంటుంది. నేను పాపకి పాలిస్తున్నా, బట్టలు మార్చుకుంటున్నా, ఊరికే గోడకేసి చూస్తూ కూర్చున్నా తలుపు తోసుకుని వచ్చేస్తుంది. ఆ గడియ కోసం ఏ పనైనా చేస్తాననే అనుకున్నాను, ఈ రోజు మధ్యాహ్నం దాకా.

అసలు ఆయనకి ఆ టూరు తెచ్చిపెట్టిన ఫొటోలు ఆయన తీసినవి కావు. పోయినేడాది సొంత గ్రౌండులో మ్యాచులకి కాలేజీవాళ్ళు పిలిస్తే, మొదటిరోజే బురద చూసి మొహం చిట్లించాడు. "బటన్ నొక్కడమేగా, నువ్వెళ్ళు. నాకు స్టూడియోలో పనుంది" అన్నాడు. స్టూడియో అంటే మా ముందు గది. పనంటే పాస్‌పోర్టు ఫొటోలు, మధ్యమధ్యలో ఫ్యాను కింద కునుకు. ఆ ఫొటోల్లో జనం మొటిమలు తుడవడం, వంకర కాలర్లు సరిచేయడం నా వంతు. పదకొండో తరగతి మధ్యలో చదువు మాన్పించి పెళ్ళి చేశాక నేను నేర్చుకున్న విద్య అదొక్కటే. సరే అని పాపని నడుముకి కట్టుకుని, కెమెరా మెడలో వేసుకుని గ్రౌండుకి వెళ్ళేదాన్ని. "బయల్దేరిందమ్మా మా కోడలు, మగపిల్లల తొడలు చూడ్డానికి" అని అత్తయ్య పక్కింటావిడకి వినబడేలా అనేది. అక్కడికెళ్తే కెప్టెన్, వాణ్ణి అందరూ దున్న అంటారు, "ఆంటీ, నా పొట్ట కనబడకుండా తియ్యండి" అనేవాడు. ఆంటీనట! వాడికీ నాకూ నాలుగేళ్ళు తేడా ఉంటే గొప్ప.

మొదట్లో ఆ ఆటకి తలా తోకా తెలియలేదు. ఎనిమిదిమంది అటు, ఎనిమిదిమంది ఇటు తలలు దూర్చుకుని ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటారు. కోలగా ఉండే బంతి ఆ కాళ్ళ అడుగున ఎక్కడో ఉంటుంది. చూసేవాళ్ళంతా ఆ కుప్పనే చూస్తారు. నేను ఎలుకని చూసేదాన్ని. కుప్ప వెనక వంగి నిలబడి, బంతి బయటికి రాగానే లాక్కుని విసిరే పొట్టి కుర్రాడు ఎలుక. వాడి ఎడమ మడమ లేచిందంటే బంతి వచ్చేస్తోందన్నమాట. మడమ లేవగానే నొక్కేసేదాన్ని. ఇది నాకెవరూ పాఠం చెప్పలేదు. పాప స్టూలు వంక చూసిందంటే ఎక్కబోతోందని, గ్లాసు వైపు చెయ్యి చాచిందంటే పడెయ్యబోతోందని, రోజంతా జరగబోయేదాన్ని చూస్తూ, దాని తలకి ఏమవుతుందో, మూతికి ఏమవుతుందో అని హడలిపోతూ బతికేదాన్ని నేను. జరిగిపోయినదాన్ని చూసే తీరిక నాకెక్కడిది? ఆ బెంగే ఫొటోలై వచ్చింది. కింద మాత్రం ఆయన పేరు పడేది. "నీ కంటికి దణ్ణం పెట్టాలయ్యా" అన్నారట పెద్దసారు. ఆ మాట ఆయనే ఇంటికొచ్చి నాకు చెప్పాడు, నేను సంతోషిస్తానని. సిగ్గులేకుండా నేను సంతోషించాను కూడా.

దుప్పటి నానబెట్టి, పాపని పడుకోబెట్టి, కంప్యూటరు ముందు కూర్చుని ఆయన పంపిన టూరు ఫొటోలు తెరిచాను. అన్నీ ఆలస్యమే. బంతి వెళ్ళిపోయిన చేతులు. గీత దాటి పడ్డాక తీరిగ్గా లేస్తున్న దున్న. అందరి వీపులు. ఒకదాంట్లో సగం గడ్డి, సగం ఆయన వేలు. అంత పచ్చటి గ్రౌండు, అంత వెలుతురు పెట్టుకుని ఒక్కటంటే ఒక్కటి కుదరలేదు. నాకేం ఆశ్చర్యం కలగలేదు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాక "పొంగాయే" అనే మనిషి. పాప మంచం మీంచి పడ్డాక "కళ్ళెక్కడ పెట్టుకున్నావే" అనే మనిషి. ఆయన జన్మలో జరగబోయేదాన్ని ఎవరో ఒకరు ముందే చూసి సర్దిపెడుతూ వచ్చారు. మొదట అత్తయ్య, తర్వాత నేను. పాపం, ఆయనకి చూడ్డం రాదు అనుకున్నాను.

అందుకే ఆయన ఈ ఉపాయం చెప్పాడు. "మన గ్రౌండులో దున్న ఎగిరి దూకిన ఫొటో ఉంది కదా. వాణ్ణి కత్తిరించి ఇక్కడి గ్రౌండు మీద అతికించు. బురద తుడిచెయ్. ఎవడు కనిపెడతాడు?"

నా ఫొటోలోంచి మనిషిని ఊడబెరికి ఆయన ఆలస్యం మీద అతికించాలి. రోత పుట్టింది. అయినా మొదలుపెట్టాను. గడియ గుర్తొచ్చింది మరి. మోచేతుల చుట్టూ జాగ్రత్తగా కత్తిరించాను. మోకాళ్ళ మీది బురద చుక్కచుక్కా తుడిచాను. ఇక గడ్డి ఖాళీగా ఉన్న ఫొటో కోసం వెతుక్కుంటూ కిందికి వెళ్తే, చూసుకోకుండా అన్నీ కలిపి పంపేసినట్టున్నాడు, ఒక గది వచ్చింది.

ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది. గెలిచిన రోజు కాబోలు. నేలంతా బురద, సీసాలు, ఎవడో తాగి కక్కిన కక్కు. మధ్యలో ఒకావిడ మోకాళ్ళ మీద వంగి తుడుస్తోంది. నెరిసిన జుట్టు, చేతులకి రబ్బరు తొడుగులు, పక్కన బకెట్టు. చుట్టూ మన కుర్రాళ్ళు, నడుముకి తువ్వాళ్ళతో, పళ్ళన్నీ బయటపెట్టుకుని. ఫొటోలు వరసగా ఉన్నాయి. ఒకదాంట్లో దున్న బురద సాక్సు పట్టుకుని చెయ్యెత్తాడు. తర్వాతి దాంట్లో సాక్సు గాల్లో ఉంది. ఆ తర్వాత ఆవిడ వీపు మీద ఉంది. చివరిదాంట్లో ఆవిడ తలెత్తి నేరుగా కెమెరాలోకి చూస్తోంది.

సాక్సు గాల్లో ఉన్న ఫొటో దగ్గర ఆగిపోయాను. సాక్సు కొసన రాలుతున్న బురద చుక్కలు కూడా విడివిడిగా కనబడుతున్నాయి. ఎక్కడా వణుకు లేదు. మోకాలు నేలకి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఆ చెయ్యి ఎప్పుడు విసురుతుందా అని కాచుకుని కూర్చుంటే తప్ప అలాంటి ఫొటో రాదు. నాకు తెలుసు. అంటే జరగబోయేది చూడ్డం ఆయనకి వచ్చు. పాలు పొంగేటప్పుడూ వచ్చు, పాప పడేటప్పుడూ వచ్చు.

ఫోన్ మోగింది. "అయిందా?"

"ఆ గదిలో ఫొటోలేంటండీ?"

"ఏ గది? ఓ, అదా!" నవ్వాడు. "కుర్రాళ్ళ సరదా. భలే వచ్చింది కదూ? అవి పంపకు, మాకు మేం చూసుకోడానికి."

"ఆవిడ ఏమీ అనలేదా?"

"ఏమంటుంది? మన భాషే రాదు."

"ఏడ్చిందా?"

"ఏమోనే, నేను చూళ్ళేదు. నువ్వు అతికించడం అయిందా లేదా?"

చూళ్ళేదట. ఆవిడ కంట్లో పైనున్న దీపం కూడా పడేంత దగ్గరగా తీసిన మనిషి.

"అవుతోంది" అని పెట్టేశాను.

అత్తయ్య పాపని ఎత్తుకుని వచ్చి నా వెనక నిలబడింది. "పిల్ల లేచి ఏడుస్తుంటే వినబడదా తల్లీ?" అంది. తర్వాత తెర వంక చూసింది. "ఎవరే ఆవిడ? నా ఈడుంటుంది."

"అక్కడ తుడిచే ఆవిడ. మీ అబ్బాయి తీశారు."

కాసేపు చూసింది. "తుడవడానికేగా పెట్టుకున్నారు" అంది. అంటూనే ఖాళీగా ఉన్న చెయ్యి కిందికి జారి తన మోకాలు రుద్దుకుంది. పాపని నాకివ్వకుండా లోపలికి తీసుకెళ్ళిపోయింది. ఇన్నాళ్ళలో అదే మొదటిసారి.

నేను కత్తిరించిన దున్నని చెరిపేశాను. ఆవిడ తలెత్తి చూస్తున్న ఫొటోని కూడా చెరిపేశాను. ఆ మొహాన్ని గోడకెక్కించే హక్కు వాళ్ళకీ లేదు, నాకూ లేదు. సాక్సు గాల్లో ఉన్న ఫొటోలో ఆవిడ మొహం కనబడదు, వంగిన వీపే. నవ్వేవాళ్ళ మొహాలు మాత్రం ఒక్కటీ తప్పిపోలేదు. దున్న, ఎలుక, అందరూ. ఎవరి మొటిమా తుడవలేదు. నేల మీద కక్కు అలాగే ఉంచాను.

ఆల్బమ్‌లో సొంత గ్రౌండు ఫొటోలున్న పేజీలు తెరిచి, కింద ఆయన పేరు కొట్టేసి నా పేరు రాశాను. పెళ్ళయ్యాక ఎక్కడా రాసింది లేదు, అక్షరం తప్పిందేమోనని రెండుసార్లు చూసుకున్నాను. ఇక ఆ ఉద్యోగం రాదు, క్వార్టరూ రాదు. ఆయన దిగొచ్చాక ఇంట్లో ఏం జరగబోతోందో అది కూడా నాకు కనబడుతూనే ఉంది. జరగనీ. గడియ కావాలంటే వడ్రంగి వచ్చి బిగిస్తాడు. ఇన్నాళ్ళూ ఆ మాట నాకే తోచలేదు.

లోపలికి వెళ్ళి పాప నుదురు ముట్టుకుని చూశాను. చల్లబడింది. తిరిగొచ్చి, గుమ్మం దగ్గర గోడకి పెట్టాల్సింది ఆ సాక్సు ఫొటోనేనని రాసి, ఆల్బమ్‌తో కలిపి పెద్దసారుకి పంపాను. దాని కింద ఆయన పేరే ఉంచాను. ఆయనే తీసిన ఫొటో కింద ఆయన పేరు పడటం అదే మొదటిసారి.