ఎవరి మార్కులు వాళ్ళు వేసుకున్న రోజు

ఆసుపత్రి రికార్డుల గదిలో పెద్దకోడలిది ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. ఈ ఏడాదే ఆ గదికి సూపర్‌వైజరుగా ఆమె తోడికోడలు వచ్చింది. వంటింట్లో మొదలైన వైరం బల్లల మధ్యకి వచ్చి కూర్చుంది.

ఆ సోమవారం చిన్నకోడలు అందరికీ తలా ఒక కాగితం పంచింది. కంప్యూటరు, ఇంటర్నెట్ ఎంతవరకు వచ్చో ఎవరికి వాళ్ళే ఐదుకి మార్కులు వేసుకోవాలి. పది ప్రశ్నలు. మొత్తం ముప్పై దాటకపోతే శిక్షణకి వెళ్ళాలి.

పెద్దకోడలు ఉన్నదున్నట్టు వేసుకుంది. ఫైలు వెతకడానికి మూడు. మెయిలుకి ఫైలు జతచేయడానికి ఒకటి. ‘వచ్చిన సమాచారం నిజమో కాదో తేల్చుకోగలరా?’ అన్నదానికి మాత్రం ఐదు. అన్నీ కలిపితే ఇరవై ఆరు.

చిన్నకోడలు ఆ కాగితం తీసుకుని పదిమందీ వినేలా చదివింది. "మెయిలుకి ఫైలు తగిలించడం రాదు గానీ, నిజానిజాలు తేల్చేస్తుందట మా అక్క."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. పెద్దకోడలికి ఒళ్ళు మండింది.

"దానికి నువ్వెంత వేసుకున్నావు?"

"అన్నిటికీ ఐదే. నాకేం తక్కువ?"

"పోయినవారం ఇంటి గ్రూపులో, గుండె మాత్ర నిషేధించారని పెట్టావే. అదెక్కడిది?"

"ఎవరో పంపారు. మంచికే కదా పెట్టాను."

"కింద తేదీ చూశావా? నాలుగేళ్ళ కిందటిది. అత్తయ్య వేసుకునే మాత్ర కూడా అది కాదు. నేను మందుల షాపుకి ఫోన్ చేసి కనుక్కునేసరికే అత్తయ్య రెండ్రోజులు మాత్ర మానేసి, ఆయాసంతో మంచమెక్కింది. ఎందుకు మానేశారంటే, చదువుకున్న కోడలు చెప్పింది కదా అంది."

చిన్నకోడలి మొహం మాడిపోయింది. "ఇంటి సంగతులు ఆఫీసులో ఎందుకు?"

"నా కాగితం పదిమందిలో చదివిందెవరు?"

ఎప్పుడొచ్చాడో, పై అధికారి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికొచ్చి చిన్నకోడలి కాగితం తీసుకుని, ఐదుల వరస మీద కళ్ళు తిప్పాడు. "రేపట్నుంచి ఇద్దరూ శిక్షణకి వెళ్ళండి," అన్నాడు.

శిక్షణలో చిన్నకోడలు కుర్చీ లాక్కుని ఆ చివర కూర్చుంది. ఇంట్లోనూ మాటల్లేవు. అత్తగారికి మాత్రలు పెద్దకోడలే వేస్తోంది. చిన్నది ఆ గది గడప తొక్కడం లేదు.

మూడోరోజు పెద్దకోడలు మెయిలుకి ఫైలు జతచేసింది. వెళ్ళిందని తెర మీద కనబడగానే, పట్టలేని సంతోషంతో తల తిప్పింది. తెలిసిన మొహం అక్కడ ఒక్కటే.

చిన్నకోడలు తన తెరని గోడవైపు తిప్పుకుంది.