సిద్ధరాములు గొంతు, వెంకటేశ్ గొంతు

మరాఠీ గడ్డ మీద తెలుగు నేతగాళ్లుండే దాజీ పేట్‌లో రామచంద్రం వాళ్ల తువ్వాళ్ల కార్ఖానాకు వారానికొక సెలవు. ఆ రోజు మరమగ్గాల సాంచెలు ఆగగానే ముగ్గురు దోస్తులు తువ్వాళ్ల మూటలు పక్కకు జరిపి, రాక్ పాటలు మొదలుపెట్టేవాళ్లు. రామచంద్రం గిటారు, మల్లప్ప డ్రమ్స్, సిద్ధరాములు పాట. తొంభై మూడులో అలాంటి పాటలు పేటలో ఎవరూ విననివి. సగం తెలుగు, సగం మరాఠీ, మొత్తం సొంతవి.

ఒకనాడు రామచంద్రం, "నీ గొంతు మస్తు గరుకుగున్నది రా," అన్నాడు. సిద్ధరాములు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడే భివండి బస్సెక్కి, అక్కడొక కార్ఖానాలో పనికి కుదిరాడు.

అతని జాగాలోకి భవాని పేట్ నుంచి వెంకటేశ్ వచ్చాడు. మెత్తని గొంతని అందరూ చెప్పుకునే పిల్లవాడు. తీరా నోరు తెరిస్తే సిద్ధరాములు గొంతే వచ్చింది.

"జాగా ఇడిసినోడు గొంతు తీసుకపోలే," అన్నాడు మల్లప్ప.

"చలో, మంచిదే. పాటలు అదే గొంతుల ఉంటయి," అని రామచంద్రం తీగలు బిగించుకున్నాడు.

ఇంటికెళ్లి వెంకటేశ్ అన్నం అడిగితే తల్లి గోదావరి, "సిద్ధరాములూ, మావోడేడి?" అంది. తిరిగి చూసి కొడుకని తెలుసుకుని కంచం పెట్టింది. అప్పటినుంచి వడ్డించేటప్పుడు అతని మొహం మీదే కళ్లుంచేది.

సిద్ధరాములు తల్లి చంద్రభాగ మాత్రం బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కార్ఖానా అరుగు మీదికి చేరేది. లోపల పాట మొదలైతే ఆమె వేళ్లు ఆగిపోయేవి.

భివండి నుంచి ఫోన్లు యల్లమ్మ కిరాణా దుకాణానికి వచ్చేవి. చంద్రభాగ ఎత్తితే అవతల వెంకటేశ్ పాత మెత్తని గొంతు.

"అమ్మా, నేనే."

"వెంకటేశా, మజాక్ చెయ్యకు బిడ్డా. నా కొడుకు ఫోన్ రావాలె," అని పెట్టేసేది.

సాంచెల మోతలో సిద్ధరాములుకు తన గొంతు మారిందనే తెలియలేదు. అమ్మ కోపంతో పరాయివాడి పేరు పెట్టి పిలుస్తోందనుకున్నాడు. కొడుకు తనను మరిచిపోయాడని ఆమె అనుకుంది. ఇద్దరికీ ఏదీ అర్థం కాలేదు.

ఇంతలో మల్లప్ప పెళ్లి చేసుకుని అక్కల్‌కోట్‌లో అత్తగారింట్లో స్థిరపడ్డాడు. ఆ వారమే గోదావరి బెల్లం కోసం దుకాణానికి వచ్చినప్పుడు ఫోన్ మోగింది. చంద్రభాగ వచ్చేదాకా పట్టుకొమ్మని యల్లమ్మ గోదావరి చేతికిచ్చింది.

అవతలి గొంతు వినగానే గోదావరి ఫోన్‌ను చెవికి అదుముకుంది.

"ఎవలవు బిడ్డా?"

"సిద్ధరాములును. మీరెవలు?"

"వెంకటేశ్ వాళ్లమ్మను."

"పెద్దమ్మా, ఈడ నన్ను పనోళ్ల మీద ముకద్దంను చేస్తరట. ఇగ ఈడ్నే ఉంటనని మా అమ్మకు చెప్పు. ఆమెకు నా మీద కోపం పోలే."

"కోపం కాదు రా. నీ నోట్ల మావోని గొంతున్నది. మీ అమ్మకు నువ్వు దొరుకుతలేవు. ఇంటికి రా బిడ్డా."

"పైసలైతున్నయి పెద్దమ్మా, పెడ్త," అన్నాడతను.

"పెట్టెయ్యకు," అంది గోదావరి. "ఏం తిన్నవో చెప్పు. ఏదన్న మాట్లాడు."

రెండు రోజులకు తెల్లవారుతుండగా చంద్రభాగ తలుపు చప్పుడైంది.

"అమ్మా!"

"పొద్దుగాల్నే ఏంది వెంకటేశా?" అంటూ తలుపు తీసి, నిలబడిపోయింది. తంబాకు అంటిన వేళ్లతో కొడుకు గొంతు తడిమింది. "ఇదెప్పుడైంది రా?"

"నాకు తెల్వదమ్మా."

"సరే, కూసో. చాయ్ పెడ్త."

ఆ సెలవునాడు సిద్ధరాములు మల్లప్ప జాగాలో కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగి డ్రమ్స్ ముట్టినవాడు కాదు. కర్రలు పట్టగానే మల్లప్ప దెబ్బే పడింది. వెంకటేశ్ పాట ఎత్తుకున్నాడు. తన గొంతును బయటినుంచి వినడం సిద్ధరాములుకు అదే మొదలు.

"ఇది గరుకు గాదు గదరా," అన్నాడు.

"గాదనే అనిపిస్తున్నది ఇప్పుడు," అన్నాడు రామచంద్రం, తికమకపడుతూ.

అరుగు మీద చంద్రభాగ పక్కన కూర్చున్న గోదావరి లోపలికి తొంగిచూసింది.

"సిద్ధరాములూ, నువ్వు గూడ ఒక ముక్క పాడు బిడ్డా."

అతను తిరిగి వెళ్లక, భివండిలో ముకద్దం పని ఇంకెవరికో పోయింది. సిద్ధరాములు చేతులు ఆపకుండానే వెంకటేశ్ మెత్తని గొంతుతో రెండో చరణం అందుకున్నాడు.