లా అంటే తే

ఆగండి. వెళ్ళిపోకండి, రెండు నిమిషాలు నిలబడి వినండి. తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టుకోండి.

నా పేరు సూర్యకిరణ్, మాది కాకినాడ. కువైట్ వచ్చి ఎనిమిది నెలలైంది. మిర్కాబ్‌లో ఒక పాత బిల్డింగ్ కింద ప్రింటింగ్ షాపులో పని. పక్క షట్టరు లాండ్రీ. నాలుగో అంతస్తులో పాలస్తీనా అనాథపిల్లల సంఘం. పిల్లల్ని చదివిస్తారు, ఆడపిల్లలకి వాళ్ళ ఊళ్ళ కుట్టుపని నేర్పిస్తారు, అమ్మమ్మల నాటి గౌనులు ఎక్కడెక్కడి నుంచో తెప్పించి దాస్తారు. నడిపేది ఉమ్ బద్ర్ అనే కువైటీ పెద్దావిడ. ఆవిడ తమ్ముడే నా కఫీల్, అంటే నన్ను పనికి రప్పించిన యజమాని. నా వీసా, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా అన్నీ ఆయన చేతిలోనే. ఆవిడ చిన్నతనమంతా బొంబాయిలో గడిచిందట, అందుకే నాతో హిందీలోనే మాట్లాడుతుంది. "బేటా, చాయ్ లా. బేటా, కాగజ్ లా." లా అంటే తే. మేడమ్ మాట బిల్డింగులో అందరికీ విప్పి చెప్పేది నేనే. భలే గర్వంగా ఉండేది.

మొన్న మంగళవారం, మర్నాడు సంఘం ఎగ్జిబిషన్ అనగా, పది గౌనులు ఇస్త్రీకి కిందికొచ్చాయి. లాండ్రీలో గంగాధర అన్న ఉంటాడు, రాయచోటి దగ్గర పల్లె, పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే ఇస్త్రీ చేస్తున్నాడు. పదో గౌను విప్పి ఆగిపోయాడు. తెల్లగుడ్డ మీద ఎర్రదారంతో పువ్వులు. ఎడమచేతి మీద ఎండిపోయిన గోధుమరంగు మరక. చిన్నచిన్న ఐదు వేళ్ళు పెట్టి పిసికినట్టుంది.

"ఏమబ్బీ, దీన్నేం జేయాల? ఇట్లే ఇస్త్రీ పెడితే మరక మాడి కూచుంటాది."

వెంటనే మేడమ్‌కి ఫోన్ కొట్టాను. ఆవిడ కారులో ఉంది, చుట్టూ హారన్లు, మధ్యలో డ్రైవర్ని అరబీలో కేకలేస్తోంది. మరక గురించి చెప్పానో లేదో, "లా గసీల్! లా గసీల్!" అంది. లైను తెగిపోయింది. గసీల్ అంటే ఉతుకుడు, అది నాకూ తెలుసు.

"తెచ్చి ఉతకమంటున్నారండి."

గంగాధర అన్న నన్ను ఎగాదిగా చూశాడు. "లా అంటే వద్దని గదబ్బీ. ఈ దేశంలో చంటిబిడ్డకు గూడా తెలుసు."

"అది అరబీ లా అండి బాబూ! ఆవిడ నాతో ఏనాడైనా అరబీ మాట్లాడిందా? నాతో లా అంటే తే అనే. ఆయ్, నేను చెప్తున్నాను కదండీ."

"మీ ఆయ్‌లూ మీరూ. ఇంగోసారి ఫోన్ జెయ్యి."

"కసురుకుంటారండి. కానిచ్చేయండి, టైం లేదు."

చల్లనీళ్ళలో ఉప్పు వేసి, నలిపి నలిపి ఉతికాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. "అబ్బీ, ఇది చాయ్ గాదు. నెత్తురు," అన్నాడు. నేను ఎగ్జిబిషన్ లేబుళ్ళు కత్తిరించుకుంటూ ఊఁ కొట్టాను.

సాయంత్రం ఐదింటికి సాబిర్ వచ్చాడు. గాజా మనిషి, గౌను తెచ్చింది ఆయనే. వెంట తొమ్మిదేళ్ళ మేనకోడలు తాలా. ఆ పిల్లే గబగబా వెళ్ళి, వేలాడుతున్న గౌను ఎడమచేతిని పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. వాసన చూసింది. సబ్బు వాసన. అప్పుడు అరిచింది చూడండి, ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు.

సాబిర్ గంగాధర అన్న జుట్టు పట్టుకుని మొహాన్ని ఇస్త్రీ బల్లకేసి కొట్టాడు. ఒకసారి కాదు. ముక్కు పగిలిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఆ పిల్ల ఇనప హ్యాంగర్ తీసుకుని అన్న వీపు మీద, మెడ మీద, ఎక్కడ పడితే అక్కడ బాదుతోంది. అన్న ముక్కులోంచి నెత్తురు ధారగా కారుతుంటే గౌనుకి అంటకుండా చటుక్కున పక్కకి లాగి, మళ్ళీ వచ్చి బాదింది.

"ఎవరు ఉతకమన్నార్రా?" అని సాబిర్ అరబీలో గర్జిస్తున్నాడు. అన్న నెత్తురు మింగుతూ నావైపు వేలు చూపించాడు.

"వాడు జెప్పినాడు. చెప్పబ్బీ! నువ్వే గదా జెప్పింది!"

సాబిర్ నావైపు తిరిగాడు. ఆ కళ్ళు చూసి గోడ దాకా వెనక్కి జరిగాను. తల అడ్డంగా ఊపాను.

"లా," అన్నాను. "లా, లా."

అరబీ లా. కాదు అని. ఆ ఒక్కసారీ ఆ మాట నా నోట్లోంచి తప్పులేకుండా వచ్చింది.

ఉతికింది చాలక అబద్ధం కూడానా అనుకున్నాడేమో, సాబిర్ గంగాధర అన్న కుడిచేతిని బల్ల మీద పరిచి, కాలుతున్న ఇస్త్రీపెట్టె దానిమీద పెట్టి రెండు చేతులా నొక్కాడు. చర్మం చుయ్‌మంది. కమురు వాసన షాపంతా నిండిపోయింది. అన్న "అమ్మా" అనలేదు, "అబ్బీ" అన్నాడు. నన్నే పిలిచాడండీ. నేను గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను.

వీధిలోవాళ్ళు పరిగెత్తుకొచ్చి లాగేశారు. సాబిర్ ఆ తడినేల మీదే కూలబడి, గౌను ఒళ్ళో పెట్టుకుని, తలతో నేలను కొట్టుకుంటూ ఏడ్చాడు.

మేడమ్ వచ్చింది. నా బల్ల మీదున్న లేబుల్ తీసి హిందీలో నాకు చదివి వినిపించింది. పొద్దున నేనే ప్రింట్ చేశాను, అరబీ చదవడం రాక నాకేం తెలుసు? 'తాలా తల్లి చివరిరోజున వేసుకున్న గౌను. చేతిమీద ఉన్నది తాలా పట్టుకున్న గుర్తు. దీన్ని ఉతకలేదు, ఉతకం.'

ఇప్పుడు పోలీస్ స్టేషన్లో ఉన్నాం. గంగాధర అన్న చేతికి బండెడు కట్టు, మొహం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. లాండ్రీ యజమాని తేల్చేశాడు, ఎవరూ చెప్పకుండా సొంతంగా ఉతికి పాడుచేసినవాడు తనకి అక్కర్లేదట, ఈ వారమే విమానం ఎక్కించేస్తాడట. ఆ చెయ్యేసుకుని ఊళ్ళో ఏం చేస్తాడు? చెప్పింది నేనే అని ఒప్పుకుంటే నా ఇఖామా ఖలాస్, ఎదురు బెంచీ మీద సాబిర్ కూడా వింటున్నాడు.

అన్న నావైపు మొహం తిప్పాడు. కళ్ళు కనబడకపోయినా తిప్పాడు. "దేవుడు సూస్తాండాడులే అబ్బీ, బయపడాకు," అన్నాడు మెల్లగా. నన్ను తిట్టినా బాగుండేది.

మేడమ్ నా ముందుకొచ్చి నిలబడింది. ఈసారి రెండు భాషలూ కలిపి, నెమ్మదిగా అడిగింది.

"బేటా, ఉతకమని చెప్పింది నువ్వేనా? హాఁ? లా?"

అందరూ నా నోటివైపే చూస్తున్నారు. ఒక్క మాట చాలు. మీరైతే ఏమంటారు?