యాదగిరికి ఏం ఇష్టం

తడిబట్ట పెట్టేటప్పుడు వెనక్కి నడవాలి. లేకపోతే తుడిచిన చోటే మళ్ళీ పాదాలు పడతాయి. లచ్చమ్మ వంచిన నడుం ఎత్తకుండా ఆ అద్దాల మేడ నడవా అంతా వెనక్కి నడిచి లిఫ్టు దాకా వచ్చేసింది. పొట్టి మనిషి. కంపెనీ ఇచ్చిన నీలం కోటు మోకాళ్ళ కిందికి వేలాడుతోంది. ఇవాళ పెత్రమాస, పెద్దల అమావాస్య. కార్గిల్‌లో దెబ్బలు తగిలి జూలైలో పోయిన కొడుకు యాదగిరిని పెద్దల్లో కలిపే రోజు. మధ్యాహ్నానికి ఖాజాగూడ చేరి వంట చేయాలి.

చెప్పులు చేత పట్టుకుని గోడవారగా వచ్చింది సంయుక్త. కాకినాడ పిల్ల, రెండో అంతస్తులో కంప్యూటర్ ఉద్యోగం. "త్వరగా వెళ్తున్నారటగా లచ్చమ్మగారూ?"

"మా పిలగానికి ఆకు వెయ్యాలె కదమ్మా. ఇష్టమైనయన్నీ వండి పెడితే అదే తిని ఏడాదంత ఉంటరు పోయినోళ్ళు."

"ఏం ఇష్టమండి ఆయనకి?"

లచ్చమ్మ తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

సెవెన్ సీటర్ ఆటోలో ఇరుక్కుని కూర్చుని దారంతా అదే ఆలోచన. ఏం పెట్టినా వేళ్ళు నాకేవాడు. ఒకసారి ఉప్పు మరిచిన పప్పుకు కూడా "నీ చేతి వంటకు తిరుగు లేదే అమ్మా" అన్నాడు. ఇరవై రెండేళ్ళు పెంచింది, కొడుకు నాలుకకు ఏది రుచో తెలియదు.

ఇంటికొచ్చి అన్నం గిన్నె పొయ్యి మీద పెట్టి మొగుణ్ణి అడిగింది. చంద్రయ్య కంకర టిప్పర్ డ్రైవరు. తడుముకోకుండా చెప్పాడు. "కల్లు పెట్టు."

"వానికా, నీకా?"

ఇంతలో పక్కింటి మల్లమ్మ గుమ్మడికాయ కూర తెచ్చింది. "గిది మస్తు ఇష్టం వానికి. 'నీ గుమ్మడికాయ తిన్న నోటికి ఇంకోటి ఎక్కదు అత్తా' అనేటోడు."

వీధి మూల మిర్చీలు వేసే పార్వతమ్మ కాగితం పొట్లంతో గడప దగ్గరే ఆగిపోయింది. "ఏమన్నడు? నా మిర్చీల ముచ్చట గూడ గట్లనే అన్నడు కదనే. 'తిన్న నోటికి ఇంకోటి ఎక్కదు' అని."

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు చంద్రయ్య నవ్వాడు. తర్వాత ఎవరూ ఆగలేదు. "ఎంత దొంగ ముండకొడుకే" అంటూ మల్లమ్మ నేల మీద చతికిలబడింది. జూలై నుంచి లచ్చమ్మ ముందు వాడి పేరెత్తాలంటేనే భయపడేవాళ్ళు. ఇవాళ వాడిని తలా ఒక తిట్టు తిడుతుంటే ఆమె ప్రాణం లేచొచ్చింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నవ్వుడు సరే. ఇగ నేనేం పెట్టాలె? ఏడాదంత ఉపాసం ఉంటడా నా కొడుకు?"

అప్పుడే వచ్చాడు తిమ్మప్ప. మడకశిర అబ్బాయి, యాదగిరి పటాలంలోనివాడే. చేతికి దెబ్బ తగిలి, సిక్ లీవు మీద ఇంటికి పోతూ పోతూ వాళ్ళను చూసిపోదామని దిగాడు. మంచినీళ్ళయినా తాగనీయకుండా లచ్చమ్మ అతన్నీ అదే అడిగింది.

"శ్రీనగర్ ఆస్పత్రిలో పక్క మంచం నాదేమ్మా," అన్నాడు తిమ్మప్ప. "కడుపులో దెబ్బ కదా, వాని నోట్లో నీళ్ళు కూడా పొయ్యొద్దన్నారు. అయినా పొద్దస్తమానం తిండి మాటలే. చివర్రోజు ఏమన్నాడంటే, 'మా అమ్మ మాకు పైఅన్నం పెట్టి, అడుగున మాడుచెక్క తాను తింటాదిరా. అడిగితే ఇయ్యదు. ఈసారి నేనే గీక్కుంటా' అన్నాడు. నవ్వుకుంటా పండుకున్నాడు. తెల్లారి లెయ్యలేదు."

కొడుకుకు మాడింది పెట్టడమేమిటని లచ్చమ్మ ఎన్నిసార్లు వాడి చేయి తోసేసిందో. తన మీద జాలితో అడుగుతున్నాడనుకుంది. వాడికి నిజంగానే ఆశ ఉండేదేమో ఆ రుచి మీద. లచ్చమ్మ లేచి, అన్నం గిన్నె కింద మంట పెంచింది.

"మాడుతున్నదే," అంది మల్లమ్మ.

"మాడనీ."

వాడ వాడంతా మాడు వాసన. చంద్రయ్య దగ్గుతూ బయటికి పోయాడు. "పెత్రమాస నాడు కావాలని అన్నం మాడవెట్టినదాన్ని నిన్నే చూసిన," అంది పార్వతమ్మ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. తిమ్మప్ప పడీ పడీ నవ్వాడు.

లచ్చమ్మ పైఅన్నం పళ్ళెంలోకి తీసి, అట్లకాడతో అడుగు గీకింది. ఎర్రటి మాడు రొట్టెలాగా ఒక్కటిగా ఊడివచ్చింది. ఫోటో ముందు ఆకు మధ్యలో పెట్టింది. చుట్టూ గుమ్మడికాయ, మిర్చీలు, చంద్రయ్య మాట కాదనలేక ఒక గ్లాసు కల్లు.

"తిను బిడ్డా. ఇయ్యాల అడ్డం రాను."

తర్వాత అందరూ వరసగా కూర్చున్నారు. తిమ్మప్ప బాగున్న చేత్తో వడ్డించాడు. కాపురానికి వచ్చాక మొదటిసారి లచ్చమ్మ కంచంలో మెత్తటి పైఅన్నం పడింది. మారు అడిగి మరీ తిన్నది.

సాయంత్రం, బతుకమ్మ పండుగకు మొదటిరోజు కావడంతో, బండల వైపు నుంచి తంగేడు పూల మోపులతో ఆడవాళ్ళు దిగుతున్నారు. చావు జరిగి ఏడాది గడవని ఇల్లు కాబట్టి బతుకమ్మను పేర్చకూడదు. "చూసేందుకు ఎవలు వద్దన్నరు?" అని మల్లమ్మ, లచ్చమ్మను చేయి పట్టి లాక్కుపోయింది. వెనకాలే మగవాళ్ళూ పోయారు.

ఇంట్లో ఆరిన పొయ్యి మీద అడుగంటా గీకిన అన్నం గిన్నె, అందులో అట్లకాడ.