మళ్లీ బిగించాల్సిన నట్లు

రాజమౌళి తన పాత కారుకు ఎవరో వాడి వదిలేసిన అల్లాయ్ చక్రాలు తెచ్చుకున్నాడు. తీరా చూస్తే వాటి రంధ్రాలు కారు బోల్టులకు కలవలేదు. మట్టెవాడలో లేత్ షాపు నడిపే జానీ మియా, పాత రంధ్రాల నడుమ కొత్తవి కొలిచి తొలిచాడు. చక్రాలెక్కించి నట్లు బిగించాడు.

"చౌరస్తా దాకా ఒక చక్కర్ కొట్టి మర్లి రా. కొత్త తూట్లు గద, నట్లు జర కూసుంటయి, వదులైతయి. మళ్ల బిగియ్యాలె," అన్నాడు.

"వస్త చిచ్చా," అన్నాడు రాజమౌళి. వెనక సీట్లో వాళ్లమ్మ కట్టమ్మ. హసన్‌పర్తి దవాఖాన నుంచి బాలింతైన కూతురిని, పసిపిల్లను తేవడానికి పోతున్నారు. చక్రాల కింద నిమ్మకాయలు ఆమే పెట్టింది. అవి చితికాయి, కారు కదిలింది.

జానీ మియా పానా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కారు రాలేదు. లోపలికి పోయి లేత్ వేశాడు, ఆపాడు, మళ్లీ బయటికొచ్చాడు. రాజమౌళికి ఫోన్ చేస్తే కట్టమ్మ ఎత్తింది.

"అక్కా, మర్లి రాలేదేంది?"

"నిమ్మకాయలు తొక్కిచ్చి ఎల్లినంక ఎనుకకు మర్లుతరా? హసన్‌పర్తి నుంచి పసిపిల్లను తేవోతున్నం. రేపొస్తం తియ్యి."

"నట్లు రేపటిదాంక ఆగయి అక్కా. పిలగానికియ్యి ఫోను."

"బండి నడుపుతాండు. ఫోన్ మాట్లాడితె నువ్వే తిడ్తవు," అని పెట్టేసింది.

షట్టర్ సగానికి గుంజి, పానా సంచిలో వేసుకుని స్కూటర్ ఎక్కాడు జానీ మియా. దారిలో కనబడ్డ ప్రతి కారు చక్రమూ ఊగుతున్నట్టే అనిపించింది.

హసన్‌పర్తికి ఇవతల, రోడ్డు పక్కన బట్టల బండి దగ్గర కారు ఆగి ఉంది. కట్టమ్మ పిల్లకు టోపీ ఏరుతోంది.

"అమ్మ మర్లొద్దన్నది చిచ్చా," అంటూ ఎదురొచ్చాడు రాజమౌళి.

జానీ మియా నేరుగా పోయి ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. ఒక నట్టు పానా పెట్టకముందే వేళ్లకు తిరిగింది. రాజమౌళి చెయ్యి పట్టి, అతని వేళ్లతోనూ తిప్పించాడు. రాజమౌళి తల్లి వైపు చూశాడు.

అన్ని నట్లూ బిగించి లేచాడు జానీ మియా. "ఇంకింత దూరం పోయినంక మళ్ల సూడాలె."

"అయితే నువ్వు గూడ నడువు," అంది కట్టమ్మ టోపీ మడుస్తూ. "ఎల్లినోడివి, నడుమల మర్లిపోతె నీకు మాత్రం మంచిదా?"

జానీ మియా స్కూటర్ తిప్పలేదు. కారు వెనకే పోయాడు, కళ్లు ఆ చక్రం మీదే పెట్టి. రాజమౌళి నిదానంగానే నడుపుతున్నాడు. అయినా జానీ మియా హారన్ కొట్టి, ఇంకా నిదానమని చేయి ఊపాడు.