పిల్‌సూన్ పొలంలో నాట్లు

పిల్‌సూన్ నారు పీకించి, కట్టలు కట్టించి గట్టు మీద పెట్టించిన రోజే ఆమె మొగుడు చంగ్‌సిక్ లారీ వేసుకొచ్చాడు. ఊరి నాయకుడు, మళ్లీ ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషి. టౌనులో మంత్రిగారి సభ, మైదానం నిండా జనం కావాలి. జనమేమో పెళ్లాం పొలంలో, మోకాలిలోతు బురదలో ఉన్నారు.

"అందరూ లారీ ఎక్కండి. రబ్బరు చెప్పులిస్తారు, బియ్యపు కల్లు పోస్తారు!"

"ఏవండీ, నారు పీకేశాం. ఇవాళ నాటకపోతే ఎండిపోతుంది. మళ్లీ నారు ఎక్కణ్ణించి తేను?" అంది పిల్‌సూన్.

"పొలం ఎక్కడికి పోతుందే? మంత్రిగారు పోతారు."

నాయకుడి మాట కాదంటే రేపు కాలవ నీళ్లకు ఎవరి కాళ్లు పట్టుకోవాలి? ఆడవాళ్లు కాళ్లు కడుక్కుని ఎక్కేశారు. వాళ్లందరి కోసం వండిన అన్నం గట్టు మీదే చల్లారిపోయింది. పిల్‌సూన్ ఒక్కతే పొద్దుగూకేదాకా వంగి నాటింది. ఒక మూల కూడా తెమల్లేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఆయన ఊరికి ఉపకారం చేస్తాడు, ఆ బరువు ఈమె నడుం మీద పడుతుంది. పైగా "నీకేమమ్మా, మహారాజులాంటి మొగుడు!" అనేవాళ్లే అందరూ. వినీ వినీ ఆమెకు ఒళ్లు మండిపోయేది.

సాయంత్రం పక్క పొలం నామ్‌వన్ వదిన కొత్త చెప్పులు టపటపలాడిస్తూ వచ్చింది. నామ్‌వన్ ఆమె పుట్టింటివాళ్ల ఊరు, ఊరందరికీ అదే ఆమె పేరు.

"రేపు మా నాట్లు. మర్చిపోకే!"

"మరి నా నాట్లేవి వదినా?"

"మేం రాలేదా ఏంటి? నీ మొగుడే తోలుకుపోయాడు. మేం వచ్చినట్టే లెక్క. అందరూ అదే అంటున్నారు."

ఇవాళ నీ పొలంలో నేను, రేపు నా పొలంలో నువ్వు. ఊళ్లో నాట్లన్నీ ఇలా సాగాల్సిందే. ఈ మాట తప్పితే వచ్చే ఏడు ఆమె గట్టు తొక్కేవాళ్లుండరు. తెల్లారి వెళ్లి నామ్‌వన్ వదిన మడిలో దిగింది.

పొద్దెక్కాక జీపు వచ్చి ఆగింది. ఇస్త్రీ బట్టల్లో చంగ్‌సిక్, వెనకాల పేపరు ఫోటోగ్రాఫరు.

"ఇదిగో, కాస్త తలెత్తి నవ్వు. నాట్లేసే నాయకుడి భార్య అని వేస్తారట!"

"పొలం మీదేనాండీ?" అడిగాడు ఫోటోగ్రాఫరు.

"మాదే, మాదే."

పిల్‌సూన్ నడుం నిలబెట్టింది. బురద చేత్తో పక్క మడి చూపించింది.

"ఇది వదినది బాబూ. మాది అదిగో, అది. అటు తిరిగి తియ్యి. నవ్వమన్నారుగా, నేనూ వచ్చి అక్కడే నిలబడి నవ్వుతాను."

అక్కడ గట్టు మీద నారుకట్టలు వాడిపోయి, వేళ్లు ఎండి పడున్నాయి. వరసలో ఆడవాళ్లెవరూ తలెత్తలేదు. చంగ్‌సిక్ ఫోటోగ్రాఫరు భుజం పట్టుకుని జీపు వైపు తిప్పాడు. పిల్‌సూన్ మళ్లీ వంగి, వదిన మడిలో నారు నాటడం మొదలుపెట్టింది.